తువ్వాలు కింద

ఏటుకూరు రోడ్డులో మా కోల్డ్ స్టోరేజీ.
మేడ మీద గది, గదిలో ఒక పాత మానిటరు,
తుమ్మకుండా ఎవరూ తలుపు తీయలేని ఘాటు.
"చిట్టాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కాలి,
నాసరయ్యకి నేర్పమ్మా, నెల్రోజులు"
అని చెప్పి ఓనరు కారెక్కాడు.

నాసరయ్యకి అరవై నాలుగు. చెవి సందున పెన్సిలు.
మొదటి రోజు బోర్డు మీద 'డేటా' అని రాశాను.
"అంటే?"
విడివిడి వివరాలండీ, ఇంకా ఏ అర్థమూ చెప్పనివి.
'కళ్లంలో పోసిన కాయ' అని రాసుకున్నాడు.
మరి సమాచారం?
"తాలు ఏరి, గ్రేడు కట్టి, టిక్కీకి ఎత్తాక."
నేను దిద్దలేదు. దిద్దడానికేం కనబడలేదు.

వైరస్ గురించి సగం చెప్పానో లేదో
మిగతా సగం ఆయనే చెప్పేశాడు:
నెమ్ము తగిలిన గుప్పెడు కాయ
టిక్కీ మొత్తాన్ని ఎట్లా బూజు పట్టిస్తుందో.
ఫైర్‌వాల్ దగ్గర మాత్రం తగువొచ్చింది.
"గోడకేం తెలుస్తుంది, ఎవడు మంచోడో?"
ఉత్త గోడ కాదండీ, గేటు కాడ వాచ్‌మన్ లాంటిది.
"మన కోటయ్య లాంటోడైతే
అది లేకపోయినా ఒకటే."

బ్యాకప్ అన్న రోజు ఏమీ రాసుకోలేదు.
లేచి బీరువా తీశాడు.
కార్బన్ నీలం దిగిన రసీదులు, పాతికేళ్లవి.
"గోదాం తగలబడ్డ ఏడు
ఇవి తెనాల్లో మా బావమరిది అటక మీదున్నాయి.
అందుకే రైతు మొహం చూడగలిగాం.
రెండు కాపీలూ ఒకే కొంపలో ఉంటే
అది ఒక్క కాపీయేనమ్మా."
ఈ మాట నా పుస్తకంలో లేదు.
ఆ రోజు నేను రాసుకున్నాను.

ఎన్‌క్రిప్షన్ నా వల్ల కాలేదు.
అక్షరాలు వేరే అక్షరాలవుతాయి,
తాళంచెవి ఉన్నవాడికే మళ్లీ...
గొంతెండిపోయింది.
ఆయన భుజం మీది తువ్వాలు తీశాడు.
"చెయ్యి పెట్టమ్మా."
గుడ్డ కింద నా రెండు వేళ్లు పట్టి వదిలాడు,
తర్వాత అయిదూ కలిపి ఒక నొక్కు.
"వెనకటికి బేరం ఇట్లాగే తెగేది.
చుట్టూ నూరు మంది నిలబడేవాళ్లు.
వాళ్లకి కనపడేది తువ్వాలు."

అప్పుడే మోగింది ఆయన ఫోను.
బ్యాంకు నుంచట, ఖాతా ఆగిపోతుందట,
ఓటీపీ వచ్చిందా, చెప్పండి సార్.
"చెప్తా నాయనా, దానికేం.
ముందు తువ్వాలు కింద చెయ్యి పెట్టు."
అవతల కాసేపు ఏమీ లేదు. కట్టయింది.
దగ్గొచ్చేదాకా నవ్వాం.

మర్నాటి పాఠం ఫిషింగ్.
గాలం, ఎర, చేప, అన్నీ మన మాటలే.
తడబడకుండా చెప్పాను.
మొన్న శ్రావణంలో కొరియర్ పేరుతో ఒక లింకు,
దాని మీద నా బొటనవేలు,
చెల్లెలి నర్సింగ్ ఫీజు,
ఇవి చెప్పలేదు.
పోలీసు స్టేషను మెట్ల దాకా వెళ్లి
ఎవరో అడిగితే అడ్రసు తప్పానన్నాను.
నేర్పేదాన్ని నేను. ఎవరితో అనను?

ఆఖరి రోజు.
పాస్‌వర్డ్ మార్చమంటే
ఒకటి రెండు మూడు నాలుగుకి అయిదు కలిపాడు.
నవ్వబోయి, "తువ్వాలివ్వండి" అన్నాను.
కింద ఆయన మూడు వేళ్లు పట్టుకున్నాను.
వదిలి, అయిదూ. మళ్లీ మూడు.
వేలా? అన్నాయి కళ్లు.
తలూపాను.

తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.
చిట్టా తెరిచి, కళ్లజోడు సర్దుకుని,
లెక్క ఎక్కడ ఆగిందో అక్కణ్ణించి చదివాడు.
"తేజ, నూట పన్నెండు టిక్కీలు.
బాడిగ, నలభై ఒకటి."
నేను టైపు చేస్తున్నాను.
కళ్లు మండుతున్నాయి.
ఇక్కడ అందరికీ మండుతాయి.